పొరుగు దేశాల భద్రతా సహకారం: పెద్ద ఒడంబడికలు మూలపడుతుంటే చిన్న ఏర్పాట్లు ఎలా నిలుస్తున్నాయి?

దిక్సూచి:

సభ్యులందరికీ నమస్కారం. చాలా కాలంగా మనసులో నలుగుతున్న ఒక ప్రశ్నను చర్చకు పెడుతున్నాను.

ఉగ్రవాద నిరోధానికి దక్షిణాసియా కూటమి అయిన సార్క్ దేశాలు 1987 నవంబరులోనే కాఠ్‌మాండూలో ఒక ప్రాంతీయ ఒడంబడికపై సంతకాలు చేశాయి. మరుసటి సంవత్సరం అది అమలులోకి వచ్చింది. ఉగ్రవాదులకు నిధులు అందకుండా చూసేందుకు 2004లో ఇస్లామాబాద్‌లో దానికి అదనపు ప్రోటోకాల్ కూడా కుదిరింది. నేరస్థుల అప్పగింత, విచారణ, సమాచార మార్పిడి అన్నీ అందులో ఉన్నాయి. చదువుతుంటే లోటేమీ కనిపించదు. అయినా 2014 నవంబరు తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశం ఒక్కటి కూడా జరగలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది ఉరీ దాడి తర్వాత ఆగిపోయింది.

అదే ప్రాంతంలో, ఆ కూటమిలోని రెండు ప్రధాన దేశాల మధ్య మరొక ఒప్పందం ఉంది. ఒకరి అణు కేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదని భారత్, పాకిస్థాన్ 1988 డిసెంబరు 31న అంగీకరించాయి. దాని ప్రకారం ప్రతి సంవత్సరం జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలను ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకే రోజున అందజేసుకుంటారు. 1992 నుంచి ఇది ఒక్క ఏడాది కూడా తప్పలేదు. కార్గిల్ యుద్ధం జరిగింది, పార్లమెంటుపై దాడి తర్వాత రెండు సైన్యాలు నెలల తరబడి సరిహద్దున ఎదురెదురుగా నిలబడ్డాయి, ముంబయి దాడులు జరిగాయి, బాలాకోట్ జరిగింది, 2025 మే నెలలో క్షిపణులూ డ్రోన్లూ సరిహద్దు దాటాయి. ఆ తర్వాత వచ్చిన 2026 జనవరి 1న కూడా జాబితాలు చేతులు మారాయి.

నా అభిప్రాయం ఏమిటంటే, పెద్ద ఒడంబడిక ఎదుటి దేశం ఉద్దేశం మారాలని కోరుతుంది, చిన్న ఏర్పాటు ఫలానా తేదీన ఫలానా పని చేస్తే చాలునంటుంది. ఉద్దేశాన్ని ఎవరూ తూచలేరు. పని జరిగిందో లేదో మాత్రం ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. ఇది సరైన ఆలోచనేనా? అనుభవం, అధ్యయనం ఉన్నవారు చెప్పండి.

చరిత్రపాఠి:

దిక్సూచి గారూ, ప్రశ్న మంచిది. అయితే పెద్దది, చిన్నది అన్న విభజన దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

సార్క్ విషయంలో జరిగినది వైఫల్యమనే ముందు దాని చార్టర్ పదో అధికరణ చూడాలి. అన్ని నిర్ణయాలూ ఏకగ్రీవంగా ఉండాలి, ద్వైపాక్షిక వివాదాలను చర్చకు తీసుకురాకూడదు అని 1985లోనే రాసుకున్నారు. ఆనాడు అలా రాసుకోకపోతే ఆ ఏడు దేశాలు ఒక గదిలో కూర్చునేవే కావు. కాని ఒక ప్రాంతంలో భద్రతకు ముప్పు తెచ్చేవన్నీ ద్వైపాక్షిక వివాదాలే అయినప్పుడు, వాటిని గుమ్మం బయటే వదిలి రమ్మన్న సంస్థ నుంచి భద్రతను ఆశించడంలో అర్థం లేదు.

ఇక పెద్దవన్నీ మూలపడతాయా అంటే, 1975 ఆగస్టు 1న హెల్సింకిలో 35 దేశాలు సంతకం చేసిన తుది పత్రం ఉంది. అది ఐరోపా భద్రతపై కుదిరిన చాలా పెద్ద ఒప్పందం. అందులో ఆదర్శాలు పేజీల కొద్దీ ఉన్నాయి, వాటి నడుమ ఒక పొడి నిబంధన కూడా ఉంది: 25,000 మందికి మించిన సైనిక విన్యాసం చేసేటప్పుడు 21 రోజుల ముందు అందరికీ తెలియజేయాలి. 1986లో స్టాక్‌హోమ్‌లో ఆ సంఖ్యను 13,000కు దించారు, వ్యవధిని 42 రోజులకు పెంచారు. పైగా అనుమానం కలిగిన దేశం తనిఖీ కోరితే కాదనే హక్కు ఎదుటివారికి ఉండదన్నారు. మిగతా ప్రపంచానికి తలుపులు బిగించుకుని కూర్చున్న సోవియట్ యూనియన్ ఆ షరతుకు ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. కాబట్టి ఒప్పందం పరిమాణం కన్నా, దానిలో లెక్కపెట్టడానికి వీలైన సంఖ్య ఏదైనా ఉందా అన్నదే చూడాలని నేననుకుంటాను.

ఓడసరంగు:

నాకు ఒడంబడికల పాఠాలు తెలియవు. సరకు ఓడల్లో డెక్ ఆఫీసరుగా పనిచేసినవాణ్ణి కనుక మలక్కా జలసంధి గురించి చెప్పగలను.

ఆ జలసంధి సింగపూర్ దగ్గరకు వచ్చేసరికి ఫిలిప్ చానల్ వద్ద మూడు కిలోమీటర్ల లోపుకు ఇరుకైపోతుంది. ఒక పక్క ఇండోనేషియా దీవుల దీపాలు, మరో పక్క సింగపూర్ వెలుగు. పెద్ద ఓడ అక్కడ వేగం తగ్గించక తప్పదు, దొంగలు కాచుకునేది ఆ సమయం కోసమే. అర్ధరాత్రి దాటాక మావాళ్లు ఇద్దరు వెనుక డెక్కు మీద టార్చిలైట్లు, వాకీటాకీలతో కాపలా ఉండేవారు. ఫైర్ హోసులను రెయిలింగుకు కట్టి నీరు బయటికి చిమ్ముతూ ఉంచేవాళ్లం. ఇంజను గది తలుపులకు లోపలి నుంచి గడియలు పడేవి. వచ్చేవాళ్లు చిన్న పడవలో, లైట్లు లేకుండా, ఓడ వెనుక నుంచి వస్తారు. చాలాసార్లు రాడార్ కూడా వాళ్లను పట్టలేదు. పొడవాటి గడకు కొక్కెం బిగించి రెయిలింగుకు తగిలిస్తారు. ఎక్కువసార్లు వాళ్లు ఎత్తుకుపోయేది ఇంజను విడిభాగాలు. ఒకసారి మా వెనుక డెక్కు మీద తడి కాళ్ల గుర్తులు మాత్రమే కనిపించాయి, మనుషులు అప్పటికే వెళ్లిపోయారు. ఆ రాత్రి మిగిలిన వాచ్ అంతా ఎవరమూ కూర్చోలేదు.

అదే దారిలో మరొకటి కూడా గమనించాను. ఓడ సాగుతున్న కొద్దీ మేము రేడియోలో రిపోర్టు చేయవలసిన కేంద్రం మారుతూ వస్తుంది. మొదట మలేషియాలోని క్లాంగ్, తర్వాత జొహోర్, ఆపైన సింగపూర్. ఓడ పేరు, కాల్ సైన్, స్థానం చెబుతాం, తర్వాతి సెక్టారులో ఏ చానల్‌కు మారాలో వాళ్లు చెబుతారు. 1998 చివరి నుంచి ఇది తొమ్మిది సెక్టార్లుగా నడుస్తోంది. ఒక దేశం గొంతు ఆగి మరో దేశం గొంతు అందుకునేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండదు. పొరుగు దేశాల సహకారం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ రేడియో పిలుపే.

సంధిపత్రం:

ఓడసరంగు గారు చెప్పిన జలసంధిలో న్యాయపరమైన చిక్కు ఒకటి ఉంది, అది తెలిస్తే అక్కడి సహకారం ఎందుకు ఆ రూపం తీసుకుందో అర్థమవుతుంది. నేను అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదువుతున్నాను.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడిక 101వ అధికరణ ప్రకారం సముద్రపు దోపిడీ అనే నేరం ఏ దేశానికీ చెందని జలాలలోనే జరుగుతుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల అదే పని చేస్తే అది ఆ దేశపు ప్రాదేశిక జలాలలో జరిగిన సాయుధ దోపిడీ. మొదటి దానిలో ఏ దేశపు నౌకాదళమైనా నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు, రెండో దానిలో ఆ దేశానికి మాత్రమే అధికారం. జలసంధి దక్షిణ భాగమంతా ఇరుకు కనుక నీళ్లన్నీ ఎవరో ఒకరి ప్రాదేశిక జలాలే. దొంగ పడవ పది నిమిషాల్లో ఒక దేశపు నీళ్ల నుంచి మరో దేశపు నీళ్లలోకి జారుకుంటుంది, తరుముతున్న గస్తీ నౌక గీత దగ్గర ఆగిపోవాలి.

2004లో అమెరికా ఆ ప్రాంతపు సముద్ర భద్రతకు ఒక ప్రతిపాదన చేసినప్పుడు, బయటి సైన్యం వచ్చి తమ జలాలను కాపాడనక్కర లేదని ఇండోనేషియా, మలేషియా గట్టిగా అభ్యంతరం చెప్పాయి. అదే సంవత్సరం జులైలో ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ కలిసి సొంతంగా గస్తీ మొదలుపెట్టాయి. అది ఉమ్మడి గస్తీ అని చాలామంది పొరబడతారు, నిజానికి అది సమన్వయ గస్తీ. ఎవరి నౌకలు వారి జలాలలోనే, వారి అధికారుల ఆదేశాల కిందనే తిరుగుతాయి. గీత వద్దకు వచ్చాక దొంగ పడవ వివరాలు అవతలి వారికి అందిస్తారు, వారు అక్కడి నుంచి అందుకుంటారు. 2005 సెప్టెంబరులో విమాన గస్తీ మొదలైనప్పుడు మరొక్క అడుగు ముందుకు వేశారు. ఒక దేశపు విమానం పొరుగు దేశపు తీరానికి మూడు నాటికల్ మైళ్ల దూరం వరకూ రావచ్చునన్నారు. ఆ విమానంలో భాగస్వామ్య దేశాల అధికారులు కలిసి కూర్చుంటారు. 2008లో థాయిలాండ్ కూడా చేరింది.

సార్వభౌమాధికారాన్ని వదులుకోమని ఎవరూ ఎవరినీ అడగలేదు. దాని అంచున నిలబడి మాట్లాడుకోమన్నారు, అంతే.

దిక్సూచి:

సంధిపత్రం గారి చివరి మాట నేను వెతుకుతున్న దానికి చాలా దగ్గరగా ఉంది. ఫలితం కూడా కనిపించింది కదా. 2005 జూన్‌లో లండన్ బీమా రంగానికి చెందిన ఉమ్మడి యుద్ధ కమిటీ మలక్కాను యుద్ధ ప్రమాద ప్రాంతాల జాబితాలో చేర్చింది, 2006 ఆగస్టులో ఆ పేరు తీసివేసింది. ఏడాది పైచిలుకులో అంత మార్పు వచ్చింది.

నిశిత:

క్షమించాలి, ఇక్కడ నేను విభేదిస్తాను. గస్తీ వల్లే దొంగతనాలు తగ్గాయని చెప్పడానికి ముందు ఆ ఏడాదిలో ఇంకేం జరిగిందో చూడాలి. 2004 డిసెంబరు 26 సునామీ ఇండోనేషియాలోని ఆచే తీరాన్ని తుడిచిపెట్టింది. మనుషులూ పడవలూ కూడా పోయాయి. 2005 ఆగస్టులో ఆచే తిరుగుబాటుదారులకూ ఇండోనేషియా ప్రభుత్వానికీ మధ్య హెల్సింకిలో శాంతి ఒప్పందం కుదిరింది. జలసంధి ఉత్తర ద్వారం వద్ద దశాబ్దాలుగా నడిచిన సాయుధ పోరు ఆగిపోయింది. ఇందులో గస్తీ వాటా ఎంత, సునామీ వాటా ఎంత, శాంతి వాటా ఎంత అని ఎవరు విడదీయగలరు?

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. చరిత్రపాఠి గారు చెప్పిన ఐరోపా నిబంధనలు 1990లో వియన్నా పత్రంగా ఎదిగాయి, 2011లో మరోసారి సవరించుకున్నారు. లెక్కపెట్టదగిన సంఖ్యలు, తేదీలు, తనిఖీలు అన్నీ వాటిలో ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ ఆ పత్రం ప్రకారమే, సరిహద్దున అసాధారణంగా మోహరించిన దళాల ఉద్దేశం ఏమిటో వివరించమని రష్యాను అడిగింది. సమాధానం రాలేదు. కొద్ది రోజులకే దండయాత్ర మొదలైంది. పనిని కొలవగలం, ఉద్దేశాన్ని కొలవలేమని దిక్సూచి గారు అన్నారు. కాని చివరికి మనుషుల ప్రాణాలు తీసినది ఆ కొలవలేని ఉద్దేశమే.

మన దగ్గరికి వస్తే, 1996లో భారత్, చైనా వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని రాసుకున్నాయి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఆ నియమం అక్షరాలా నిలిచింది. తుపాకి పేలలేదు. రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు, 20 మంది భారత సైనికులు మరణించారు. ఆ సెప్టెంబరు నాటికి గాలిలోకి కాల్పులు కూడా జరిగాయి. అక్షరం నిలిచి మనిషి పోయిన చోట ఆ ఏర్పాటు నిలిచిందని ఎలా అనగలం?

కంచెవారగా:

నేను సరిహద్దు విధుల్లో చాలా సంవత్సరాలు ఉన్నాను. నిశిత గారి బాధ నాకు అర్థమవుతుంది, ఆ రాత్రి గురించి ఇప్పటికీ తేలికగా మాట్లాడలేను. అయినా ఒక మాట చెప్పాలి.

కాల్పుల నియమం లేకపోయి ఉంటే ఆ రాత్రి ఏం జరిగేదో సైన్యంలో పనిచేసిన ఎవరినైనా అడగండి. రెండు వైపులా వందల మంది చీకటిలో, ఆయుధాలు భుజాన ఉండి, కళ్ల ముందు తోటివాడు పడిపోతుంటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా ఉండటం మామూలు మాట కాదు. పాతికేళ్ల అలవాటు ఆ వేలిని పట్టి ఆపింది. ప్రాణాలు పోవడం ఆపలేదు, నిజమే. ఒక లోయలో జరిగిన ఘర్షణ వేల కిలోమీటర్ల రేఖ అంతటా యుద్ధంగా పాకకుండా ఆపింది. 2024 అక్టోబరులో గస్తీ గురించి అవగాహన కుదిరిందాకా చర్చలు జరగడానికి ఆ వ్యవధే చోటిచ్చింది.

పాకిస్థాన్ వైపు నియంత్రణ రేఖ మీద కూడా ఇలాంటిదే చూశాను. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చాక కంచె పక్కనే ఉన్న పొలాల్లో మనుషులు నిటారుగా నిలబడి పని చేయడం మొదటిసారి చూశాను. అంతకు ముందు వాళ్లు ఒంగి నడవడం అలవాటు చేసుకున్నారు, పిల్లలు కూడా. తర్వాతి కాలంలో అది చెడింది, మళ్లీ వంగారు. 2021 ఫిబ్రవరిలో ఇరువైపుల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్లు హాట్‌లైన్‌లో మాట్లాడుకుని మళ్లీ విరమణ ప్రకటించారు. 2025 మే 10న కూడా పోరు ఆగినది ఆ ఫోను మీదనే. ఆ రోజు ఆ తీగ కొత్తగా వేసినది కాదు. 1971 నుంచి ఉన్నది. చెప్పడానికేమీ లేని వారాల్లో కూడా ఎత్తి మాట్లాడటం వల్ల అవసరమైన రోజున ఎత్తే మనిషి అవతల ఉన్నాడు.

సంధిపత్రం:

కంచెవారగా గారు చెప్పిన దానికి అనుబంధంగా ఒక ఉదాహరణ. 2022 మార్చి 9న భారత్ నుంచి ఒక సూపర్‌సోనిక్ క్షిపణి పొరపాటున ప్రయోగమై పాకిస్థాన్‌లోని మియాన్ చన్ను వద్ద పడింది. పేలుడు పదార్థం లేదు కనుక ప్రాణనష్టం జరగలేదు. బాలిస్టిక్ క్షిపణుల పరీక్షలను ముందుగా తెలియజేసుకోవాలని ఈ రెండు దేశాలకు 2005 నుంచి ఒప్పందం ఉంది. అయితే ఇది క్రూయిజ్ క్షిపణి, ఆ ఒప్పందం కిందికి రాదు. పైగా అది పరీక్ష కూడా కాదు. తమకు వెంటనే సమాచారం ఇవ్వలేదని పాకిస్థాన్ తప్పుపట్టింది. రెండు రోజుల తర్వాత భారత్ సాంకేతిక లోపమని ప్రకటించి విచారం తెలిపింది, అనంతరం బాధ్యులైన అధికారులను తొలగించింది.

ఇక్కడ ఏర్పాటు విఫలమైందని నేను అనను. ఏర్పాటు చేరని చోట ప్రమాదం జరిగింది. ఆయుధం మారినప్పుడల్లా నిబంధనను కూడా మార్చుకోకపోతే, పాత కంచె పక్కనుంచి కొత్త దారి పడుతుంది. డ్రోన్ల విషయంలో ఇప్పుడు అదే జరుగుతోంది.

చరిత్రపాఠి:

నిశిత గారి ప్రశ్నకు నేను నేరుగా సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఉద్దేశాన్ని కొలవలేం, నిజమే. కాని ఉద్దేశం మారిన చోట దాన్ని పట్టి ఉంచడానికి ఏర్పాటు పనికి వస్తుంది. దీనికి నాకు తెలిసిన ఉదాహరణల్లో అన్నిటికన్నా గొప్పది దక్షిణ అమెరికాలో ఉంది, దాని గురించి మనవాళ్లు ఎందుకో తక్కువ మాట్లాడతారు.

అర్జెంటీనా, బ్రెజిల్ చాలా కాలం ఎడమొహం పెడమొహంగా ఉన్న దేశాలు. రెండింటిలోనూ సైనిక ప్రభుత్వాలు ఉండేవి, రెండూ రహస్యంగా యురేనియం శుద్ధి చేసే సాంకేతికత కోసం ప్రయత్నించాయి, రెండూ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరడానికి నిరాకరించాయి. 1983లో అర్జెంటీనాలోనూ 1985లో బ్రెజిల్‌లోనూ పౌర ప్రభుత్వాలు వచ్చాయి. అప్పుడు జరిగినది చూడండి. 1987 జులైలో అర్జెంటీనా అధ్యక్షుడు ఆల్ఫోన్సిన్ బ్రెజిల్ అధ్యక్షుడు సార్నేను పిల్కానియేవులోని శుద్ధి కర్మాగారానికి తీసుకువెళ్లారు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు వరకూ సొంత ప్రజలకు కూడా చెప్పకుండా దాచిన చోటు అది. మరుసటి ఏప్రిల్‌లో సార్నే ఆయనను బ్రెజిల్ నౌకాదళపు అరమార్ కేంద్రానికి పిలిచారు. దాచుకున్నది ముందు ఎవరికి చూపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఎవరి కోసం దాచారో వారికే చూపారు.

వ్యక్తుల మంచితనం మీద వదిలేయకుండా 1991 జులైలో దాన్ని వ్యవస్థగా మార్చారు. రియో డి జనీరో కేంద్రంగా ఒక ఉమ్మడి అణు తనిఖీ సంస్థ ఏర్పడింది. అందులో బ్రెజిల్ తనిఖీదారులు అర్జెంటీనా కేంద్రాలను పరిశీలిస్తారు, అర్జెంటీనా వారు బ్రెజిల్ కేంద్రాలను పరిశీలిస్తారు. అదే ఏడాది చివర అంతర్జాతీయ అణుశక్తి సంస్థను కూడా కలుపుకుని నలుగురి మధ్య ఒప్పందం రాసుకున్నారు. ఆ తర్వాత ఆ రెండు దేశాలలో ఎన్ని ప్రభుత్వాలు మారాయో, అధ్యక్షుల మధ్య మాటలు కూడా లేని కాలం ఎంత గడిచిందో గుర్తు తెచ్చుకోండి. తనిఖీలు ఆగలేదు.

మంచి కాలంలో కుదుర్చుకున్నది చెడ్డ కాలంలో ఉపయోగపడింది. ఆ మంచి కాలం వచ్చినప్పుడు దాన్ని వృథా చేయని ఇద్దరు నాయకులు ఉండటం అదృష్టమే, ఆ సంగతి నేను దాచను.

నిశిత:

చరిత్రపాఠి గారికి ధన్యవాదాలు, ఈ ఉదాహరణ నన్ను ఆలోచింపజేసింది. అయితే ఆ ఇద్దరూ దాదాపు సమఉజ్జీలు. ఎవరూ మరొకరి నీడలో బతకలేదు. దక్షిణాసియా సమస్య అది కాదు. ఇక్కడ ఒక దేశం మిగిలిన వాటన్నిటి కన్నా ఎన్నో రెట్లు పెద్దది. మాల్దీవులకో భూటాన్‌కో సహకారం అనే మాట వినపడినప్పుడు ముందు వచ్చే ఆలోచన ఆధిపత్యం గురించే.

కొలంబో భద్రతా సమావేశం సంగతి చూడండి. భారత్, శ్రీలంక, మాల్దీవుల మధ్య 2011లో సముద్ర భద్రతా చర్చలుగా మొదలైంది, కొన్నేళ్లు ఆగిపోయింది, 2020లో మళ్లీ లేచింది. 2022లో మారిషస్, 2024లో బంగ్లాదేశ్ చేరాయి. కాని మాలేలో ప్రభుత్వం మారగానే 2023 డిసెంబరు సమావేశానికి మాల్దీవులు రాలేదు. ఒక ఎన్నికతో ఒక కుర్చీ ఖాళీ అయింది.

సంధిపత్రం:

ఆ కుర్చీ శాశ్వతంగా ఖాళీగా ఉండిపోలేదన్నది కూడా చెప్పాలి నిశిత గారూ. 2024 ఆగస్టులో కొలంబోలో చార్టర్‌పై సంతకాలు జరిగాయి, సచివాలయం ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. ఇక భారత్, మాల్దీవుల తీర రక్షక దళాలు 1991 నుంచి చేస్తున్న దోస్తీ విన్యాసంలో 2012 నుంచి శ్రీలంక కూడా పాల్గొంటోంది. నూనె తెట్టు తొలగించడం, ప్రమాదంలో ఉన్న ఓడ నుంచి మనుషులను రక్షించడం వంటి పనుల మీద రాజకీయ గాలి కొంచెం తక్కువగా వీస్తుంది.

పెద్ద దేశం గురించిన భయం మాత్రం నిజమైనది. దాన్ని పోగొట్టేది ఉపన్యాసాలు కావు, పెద్ద దేశం ఓడిపోయి కూడా మాట నిలుపుకున్న సందర్భాలు. బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ మధ్య సముద్ర సరిహద్దు వివాదం ఉండేది. బంగ్లాదేశ్ 2009లో దాన్ని అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి తీసుకువెళ్లింది. 2014 జులై 7న హేగ్‌లో తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. భారత్ ఆ తీర్పును అంగీకరించింది. మరుసటి సంవత్సరం జులై 31 అర్ధరాత్రి, 1974 నుంచి నలుగుతున్న భూ సరిహద్దు ఒప్పందం ప్రకారం బంగ్లాదేశ్ లోపల ఉన్న 111 భారత ఛిట్‌మహళ్లు (చుట్టూ మరో దేశం ఉన్న నేల ముక్కలు), భారత్ లోపల ఉన్న 51 బంగ్లాదేశ్ ఛిట్‌మహళ్లు మార్పిడి అయ్యాయి. అందుకోసం భారత్ తన రాజ్యాంగాన్ని నూరోసారి సవరించుకుంది. ఆ తర్వాత ఇరు దేశాల సంబంధాలు ఎన్నో ఒడిదుడుకులకు లోనయ్యాయి, 2024 తర్వాత మరీ చెడ్డాయి. అయినా ఆ రెండు గీతల మీద ఎవరూ మళ్లీ తగవు పెట్టుకోలేదు. తేలిపోయిన తగవు తేలిపోయినట్టే ఉంది.

తొలకరి:

నేను చాలా రోజులుగా చదువుతున్నాను కాని ఇదే మొదటిసారి రాయడం. అందరూ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌ను ఆదర్శంగా చెబుతారు కదా, థాయిలాండ్, కంబోడియా 2025లో ఎందుకు కొట్టుకున్నాయి? అక్కడ ఏర్పాట్లకు కొదవ లేదు.

చరిత్రపాఠి:

తొలకరి గారికి స్వాగతం. సరైన చోట పట్టుకున్నారు. బలప్రయోగానికి పాల్పడబోమని ఆసియాన్ దేశాలు 1976లోనే బాలీలో సంధి చేసుకున్నాయి. ఆ సంధిలో వివాద పరిష్కారానికి ఒక ఉన్నత మండలి కూడా ఉంది, సభ్యులు దాన్ని ఎన్నడూ వాడుకోలేదు. ప్రేహ్ విహార్ ఆలయం కంబోడియాదేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది, 2013లో మరోసారి వివరించింది. కాని మిగిలిన సరిహద్దులో చాలా భాగం ఫ్రెంచి వారి కాలపు పటాల మీద ఆధారపడి ఉంది, ఏ పటం చెల్లుతుందన్న దగ్గరే ఇద్దరికీ పేచీ. 2025 జులైలో అయిదు రోజుల పోరు తర్వాత మలేషియా చొరవతో పుత్రజయలో కాల్పుల విరమణ కుదిరింది, అక్టోబరులో కౌలాలంపూర్‌లో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. నవంబరులో మందుపాతర పేలి థాయి సైనికులు గాయపడగానే థాయిలాండ్ దాని అమలును నిలిపివేసింది, డిసెంబరులో మళ్లీ యుద్ధం, నెలాఖరున మళ్లీ విరమణ.

ఆ మందుపాతర ఎప్పటిదన్నదే తగవుకు మూలమైంది. కొత్తగా పాతినదని ఒకరు, పాత యుద్ధకాలపుదని మరొకరు. ఇద్దరూ నమ్మే తనిఖీదారుడు ఆ నేల మీద ముందు నుంచే ఉండి ఉంటే ఆ ప్రశ్నకు ఒక్కరోజులో సమాధానం దొరికేది.

ఓడసరంగు:

నిశిత గారు సునామీ గురించి చెప్పినది నిజం. ఆ తర్వాతి నెలల్లో ఆ తీరం దగ్గరగా వెళ్లినప్పుడు చేపల పడవల దీపాలు ఒక్కటి కూడా కనపడని రాత్రులు నాకు గుర్తున్నాయి. దొంగలు తగ్గారని సంతోషించే రాత్రులు కావు అవి.

ఇటీవలి సంగతి ఒకటి చెబుతాను. 2025 మొదటి ఆరు నెలల్లో మలక్కా, సింగపూర్ జలసంధుల్లో ఓడలెక్కే దొంగతనాలు బాగా పెరిగాయి. సింగపూర్‌లోని సమాచార కేంద్రాలు ప్రతి ఘటననూ నమోదు చేసి, ఏ చోట, ఏ వేళ, ఎంతమంది, ఏ దిక్కు నుంచి అని మా ఓడలకు హెచ్చరికలు పంపాయి. కాని ఆ లెక్క దిగినది జులైలో ఇండోనేషియా పోలీసులు రియావు దీవుల్లో ముఠాలను పట్టుకున్న తర్వాతే. నా తోటి నావికులు ఇప్పటికీ ఆ దారిన వెళుతున్నారు, వారు చెప్పేదీ ఇదే. దొంగ ఎక్కడ ఉన్నాడో పొరుగువాడు చెప్పగలడు, ఇంట్లోకి వెళ్లి పట్టుకోవలసింది ఆ ఇంటివాడే.

నిశిత:

ఓడసరంగు గారి మాటతో ఏకీభవిస్తాను. చివరిగా ఒక్క సందేహం. అలవాటు నిలుస్తుందని ఇక్కడ చాలామంది అన్నారు. సింధు జలాల ఒప్పందం 1960 నాటిది. దాని కింద ఏర్పడిన శాశ్వత కమిషన్ 1965, 1971 యుద్ధాలను కూడా తట్టుకుంది. అంతకన్నా ముదిరిన అలవాటు ఈ ఉపఖండంలో లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత భారత్ ఆ ఒప్పందాన్ని నిలిపి ఉంచింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ, 26 మంది ప్రాణాలు పోయిన తర్వాత వచ్చిన నిర్ణయం అది. నేను అడిగేది ఒకటే: 65 సంవత్సరాల అలవాటు ఒక్క ప్రకటనతో ఆగగలిగితే, జనవరి 1 నాటి జాబితా ఆగదని మనకు ఎవరు హామీ ఇస్తారు?

దిక్సూచి:

ఎవరూ ఇవ్వలేరు నిశిత గారూ. ఈ చర్చ మొదలుపెట్టినప్పటి నా అభిప్రాయాన్ని ఆ మేరకు సవరించుకుంటున్నాను. చిన్న ఏర్పాటుకు దానంతట అదే నిలిచే శక్తి ఉందనుకున్నాను, రెండు రాజధానులకూ దాని వల్ల ఒకేలాంటి మేలు ఉన్నంత కాలమే అది నిలుస్తుందని ఇప్పుడు అనిపిస్తోంది. అణు కేంద్రం పేలితే గాలి సరిహద్దు చూడదు కనుక ఆ జాబితా ఇద్దరికీ అవసరం. నది విషయంలో పైనున్నవారి అవసరం, కిందనున్నవారి అవసరం ఒకటి కాదు.

అయితే మీరు చెప్పిన ఆ సింధు పరీవాహక ప్రాంతంలోనే మరొకటి జరిగింది. 2025 ఆగస్టులో జమ్మూలో తావి నదికి పెద్ద వరద వచ్చింది. ఒప్పందం నిలిచిపోయి ఉన్నందున సింధు కమిషనర్ల ద్వారా సమాచారం వెళ్లే దారి లేదు. అప్పుడు ఇస్లామాబాద్‌లోని భారత హైకమిషన్ ద్వారా, మానవతా దృష్టితో అని చెప్పి, వరద హెచ్చరిక పంపారు. అవతలి అధికారులు దాన్ని అందుకుని దిగువ జిల్లాల వారిని అప్రమత్తం చేశారు. నీటి మట్టం ఎంత పెరిగితే చెప్పాలి, ఎన్ని గంటల ముందు చెప్పాలి అన్నవి ఆ కొత్త దారిలో ఎక్కడా రాసి లేవు. వచ్చే వానాకాలానికి ముందు కనీసం ఆ రెండు అంకెలైనా, ఒప్పందంతో ముడిపెట్టకుండా, రెండు విదేశాంగ శాఖలూ ఒక కాగితం మీద రాసుకోగలవా? జలవనరుల రంగంలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే, అలాంటి హెచ్చరికలో ఏ వివరాలు తప్పనిసరిగా ఉండాలో దయచేసి ఇక్కడ రాయండి.